మీటరుకు తగ్గని గుడ్డ

ముందే ఒప్పేసుకుంటున్నాను. మా ఆఫీసు డేటాబేస్‌లో ఒక కాలమ్‌ని మూడు నెలలుగా నేను ప్రేమలేఖల్లా చదువుకుంటున్నాను.

ఆ కాలమ్ పేరు ‘ఇతర వివరాలు’. దాన్ని డిజైన్ చేసింది నేనే. అరవై అక్షరాలు దాటకుండా హద్దు పెట్టిందీ నేనే. అరవై అక్షరాల్లో పట్టనిది మనిషికి ఏముంటుందిలే అనుకున్నాను అప్పట్లో. కంప్యూటర్ చదువు చదివితే ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

మాది దోమలు, ఈగలు, పిడుదుల వల్ల వచ్చే జబ్బులు ఎక్కడ పుడుతున్నాయో, ఎటు పాకుతున్నాయో కనిపెట్టే ఆఫీసు. దేశమంతా ఇలాంటివి ఉన్నాయి. మా చేతిలో పన్నెండు ప్లాట్లు ఉన్నాయి. ప్లాట్‌కి ఒక మనిషి, మార్చి మార్చి వాడే రెండు తెల్లగుడ్డలు. గుడ్డ మీటరు పొడవు, మీటరు వెడల్పు. దాన్ని కర్రకి కట్టి గడ్డి మీద మెల్లగా లాక్కుంటూ నడవాలి. గడ్డి కొసల మీద ముందుకాళ్లు చాపుకుని ఎవరొస్తారా అని చూసే పిడుదులు ఆ గుడ్డని పట్టుకుంటాయి. ముప్పై అడుగులకోసారి ఆగి లెక్కపెట్టి ఫోన్‌లో కొట్టాలి. ఆ అంకెలు నా మ్యాపులో ఎర్రచుక్కలవుతాయి. చుక్కలు దగ్గరపడితే జనాన్ని హెచ్చరిస్తాం. అయినా జ్వరాలొస్తే ఎక్కడ తప్పు జరిగిందో కనుక్కునే పని నాది. అందుకే ఆఫీసులో నన్ను డిటెక్టివ్ అంటారు. అందులో సగం వెటకారం. మిగతా సగమూ వెటకారమే కావచ్చు.

పన్నెండో ప్లాట్ కొండ మీద ఉంది. జీపులో ఆరు గంటలు. అక్కడ గుడ్డ లాగేవాణ్ణి అందరూ ‘పన్నెండు’ అనే పిలుస్తారు. బదిలీ కాగితం పట్టుకుని నా టేబుల్ దగ్గరికొచ్చి, “వెళ్లొద్దంటావా?” అని అడిగాడు. నేను స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా “నీ ఇష్టం” అన్నాను. అతను కాసేపు నిలబడ్డాడు. నేను ఏదో టైపు చేస్తున్నట్టు నటించాను. అంతే. అప్పట్నుంచి ఫోన్లు లేవు. పనిరోజుల్లో సాయంత్రం ఐదున్నరకి ఏదో బండ ఎక్కి, సిగ్నల్ పట్టుకుని లెక్కలు పంపుతాడు. పక్కన ‘ఇతర వివరాలు’ ఉంటాయి. “గడ్డి మోకాలి దాకా. గాలి లేదు. ఇవాళ పిట్టలు ఎక్కువ.” పిట్టల సంగతి మా ఫారంలో ఎవరూ అడగలేదు. అందుకే దాన్ని రోజుకి పదిసార్లు చదువుతాను.

సరే. కేసుకొద్దాం.

సోమవారం ఉదయం తొమ్మిదీ పన్నెండు. స్కేలు సారు గదిలో ఉన్నాను. ఆయన మా క్వాలిటీ ఆఫీసరు. జేబులో ఎప్పుడూ స్టీలు టేపు ఉంటుంది. కుర్చీల మధ్య దూరం కూడా కొలుస్తాడని గిట్టనివాళ్లు చెప్పుకుంటారు. అబద్ధం. నేను చూసినంతవరకు బల్లల మధ్య దూరమే.

“ఆరు వారాలు,” అంటూ కాగితం నా వైపు తోశాడు. “ఏడో ప్లాట్. సున్నా, సున్నా, సున్నా. సరిగ్గా దాని పక్క వీధిలోనే ఐదుగురికి పిడుదు జ్వరం. ఒకరు పోయారు. ఇంక దర్యాప్తేమిటి? ఆ గుడ్డ పిన్ని ఇంట్లో కూర్చుని సున్నాలు చుట్టింది. పన్నెండింటికి ఆవిణ్ణి తీసేస్తూ సంతకం పెడుతున్నాను.”

“నిన్న పదింటికి నేను వెళ్లి గుడ్డ లాగాను సార్. ఎనిమిది వందల అడుగులు. నాకూ సున్నానే వచ్చింది.”

“నిన్న ఆదివారం.”

“ఇంట్లో పనేమీ లేదు సార్.”

“నీకు లాగడం రాక సున్నా వచ్చుండొచ్చు.”

“నాకు నేర్పిందెవరో మీకు తెలుసు.”

ఆయన కిటికీ వైపు చూశాడు. తెలుసు. కర్రని బిగించి పట్టుకోకూడదనీ, పక్కన నడిచే మనిషి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోవాలనీ నాకు నేర్పినవాడు ఇప్పుడు కొండ మీద ఉన్నాడు. నిన్న ఆ గడ్డిలో ఎనిమిది వందల అడుగులు అలాగే పట్టుకుని నడిచాను. పిడుదులు లేవు, పక్కన మనిషీ లేడు. రెండూ సున్నాలే.

“సార్, ఆవిడ సున్నాలు నిజమైతే వాళ్లని పిడుదు కుట్టింది ఇంకెక్కడో. ఆ చోటు ఇంకా తెరిచే ఉంది. ఇవాళ ఇంకెవరినో కుడుతూ ఉండొచ్చు. జ్వరం మొదలైన మూడో రోజు ముగిసేలోపు మాత్ర పడితే మనిషి లేచి తిరుగుతాడు. దాటితే లైన్‌మ్యాన్ తాతలా ప్రాణమే పోతుంది. ఆవిణ్ణి తీసేసి ఫైలు మూసేస్తే, ఆ చోటు కోసం వెతికేవాళ్లు ఉండరు.”

“పన్నెండింటి దాకా వెతుక్కో,” అని వాచీ చూశాడు. “రెండు గంటల నలభై ఆరు నిమిషాలు.”

తొమ్మిదీ ముప్పైకి గుడ్డ పిన్నిని శాంపిల్ గదిలో కూర్చోబెట్టాను. పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. గుడ్డ లాగడమే కాదు, పన్నెండు ప్లాట్ల గుడ్డలూ ఉతికి, ఆరేసి, మడతపెట్టి మళ్లీ పంపేదీ ఆవిడే. కొంగు నడుముకి బిగించుకుని కూర్చుంది, పోట్లాటకి వచ్చినట్టు.

“ఏం తల్లీ, నువ్వు కూడా నన్ను దొంగనంటావా?”

“అనను పిన్నీ. అడుగుతానంతే. ఏ టైముకి నడుస్తావు?”

“పదింటికి. మంచు ఆరాక. తడిగడ్డి మీద లాగితే పిడుదు ఎక్కదు. ఆ మాత్రం తెలీదా? నువ్వు గౌన్లేసుకునే రోజుల్నుంచి లాగుతున్నా.”

“నేను గౌన్లేసుకునేటప్పుడు నేను నీకు తెలీదు కదా.”

“లెక్క చెప్తున్నానమ్మా, నీ ఫోటో చూపించమనలేదు.”

ఆవిడ ఫోన్ లెక్క నా దగ్గరుంది. ఒక్కోరోజు మొదలెట్టిన టైము పదీ రెండు, పదీ ఐదు, తొమ్మిదీ యాభై తొమ్మిది. ముప్పై అడుగులకోసారి ఆగింది. దొంగలెక్క రాసేవాళ్లు ఎండలో ముప్పై అడుగులకోసారి ఆగరు.

“పిన్నీ, ఇది చూడు.” కాగితం తిప్పి పెట్టాను. “లైన్‌మ్యాన్ తాత, బ్యాంకు గుమాస్తా, కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు, స్కూలుకెళ్లే అక్కాచెల్లెళ్లు. ఐదుగురికీ జ్వరం మొదలైంది శనివారమో ఆదివారమో. వేరువేరు వారాల్లోనే, కానీ రోజులు అవే. కుట్టిన ఎనిమిది రోజులకో తొమ్మిది రోజులకో జ్వరం వస్తుంది. వెనక్కి లెక్కేస్తే ఎప్పుడొస్తుంది?”

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “శుక్రవారం.”

“గడ్డిలో వాకింగ్‌కి వెళ్తే వారంలో ఏ రోజైనా కుట్టాలి కదా. పిడుదుకి మిగతా రోజులు సెలవా? శుక్రవారం ఏం జరుగుతుంది?”

“నాకేం తెలుసు?” అంది. కానీ ఆ మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది. చూపు గోడకి వేలాడుతున్న గుడ్డల మీదికి వెళ్లి, గబుక్కున వెనక్కి వచ్చేసింది.

లేచి ఒక గుడ్డ తీశాను. అడుగంచు మడతలో సన్న గొలుసు ఉంటుంది, గుడ్డ గడ్డికి ఆనాలని. ముళ్లకంపలకి తగిలి వారానికోసారి ఆ అంచు చిరుగుతుంది. ఇది కొత్తగా కుట్టి ఉంది. జంట కుట్టు, గీత గీసినంత తిన్నగా. మడత లోపల నీలం సుద్దగీత.

“ఎవరు కుట్టారు?”

“నేనే. సూదీదారంతో.”

“పిన్నీ, నాకు గుండీ కుట్టుకోవడం కూడా రాదు కానీ మిషన్ కుట్టు చూస్తే తెలుస్తుంది. నీలం సుద్ద దర్జీ దగ్గరే ఉంటుంది.”

 కొంగు ముడి విప్పి మళ్లీ బిగించుకుంది.

“తమ్ముడు,” అంది చివరికి. “మా తమ్ముడు. గేటుకెదురుగా కొట్టు. మన ఆఫీసులో కుట్టేవాళ్లు లేరు, అడిగితే సారు వచ్చే ఏడాది చూద్దామంటాడు. శుక్రవారం మధ్యాహ్నం మూట ఇస్తా, శనివారం తెచ్చుకుంటా. ఆఫీసు సామాను గేటు దాటకూడదని రూలుందిగా, అందుకే చెప్పలేదు. వాడి జోలికి పోకు తల్లీ. నన్ను తీసేసినా ఫర్వాలేదు. వాడు నా ముఖం చూసి కుట్టిపెట్టాడు.”

“నిన్నెవరూ తీసెయ్యరు. పద.”

దర్జీ కొట్టు పదడుగుల గది. రోడ్డుకి ఇటు కొట్టు, అటు మా గేటు. రోజూ దాని ముందునుంచే నడుస్తున్నాను. ఒక్కసారీ లోపలికి చూడలేదు. లోపల ఒక మిషను, కత్తిరింపు బల్ల, కొలతల పుస్తకం. కస్టమర్లకి ఒకే స్టూలు ఉంది. దాని మీద ఇస్త్రీపెట్టె. బల్ల పక్కన నేల మీద, తలుపుకి ఎదురుగా, పెద్ద తెల్లమూట.

“ఇవాళ సోమవారం,” అన్నాను. “మూట శనివారం పోవాలిగా బాబాయ్?”

“అక్కకి నడుం నొప్పిగా ఉందని రాలేదమ్మా. రెండు కుట్టాల్సినవి కూడా ఉన్నాయి.” నెరిసిన మీసం, మెడలో టేపు. కళ్లు అక్క మీదే ఉన్నాయి. “ఏమైందక్కా?”

“ఏం కాలేదు. అడిగినవి చెప్పు.”

మూట మీద చెయ్యి పెట్టాను. పైన పొడిగా ఉంది. లోపలికి చెయ్యి దూరిస్తే చల్లగా తగిలింది. సగం ఆరిన గుడ్డలు. మూట పైభాగం పల్లంలా నొక్కుకుపోయి ఉంది.

“బాబాయ్, వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?”

“ఎక్కడేముందమ్మా, దాని మీదే. మెత్తగా ఉంటుంది.”

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడే తలుపు దగ్గర నీడ పడింది. స్కేలు సారు.

“బాగుంది. ప్రభుత్వ గుడ్డలు బజార్లో.” లోపలికొచ్చి పిన్ని వైపు చూశాడు. “ఇదొక్కటి చాలు నాకు. జ్వరాల మాట తర్వాత.”

“జ్వరాలు ఇక్కణ్ణుంచే సార్.”

“గుడ్డ నుంచా? ఉతికిన గుడ్డ నుంచా? చూడమ్మాయ్, నువ్వు స్క్రీన్ మీద చుక్కలు చూసుకునే మనిషివి. ఈ గుడ్డల మీద మెమో ఇచ్చినవాణ్ణి నేను. నాలుగు నెలల క్రితం ప్రతి గుడ్డా కొలిచాను. తొంభై ఏడు, తొంభై ఆరు! మీటరు గుడ్డ లాగుతున్నామని రిపోర్టులో రాస్తూ తొంభై ఆరు సెంటీమీటర్లు లాగుతున్నారు. మీటరుకు తగ్గితే లెక్క చెల్లదన్నాను. ఇప్పుడు చూడు.”

పైనున్న గుడ్డ లాగి బల్ల మీద పరిచాడు. మూల మీద మార్కర్‌తో పన్నెండు అని ఉంది. టేపు చర్రుమంటూ వచ్చింది.

“వంద. అటు కూడా వంద. నాలుగు నెలలు వాడినా మిల్లీమీటరు తగ్గలేదు. క్వాలిటీ అంటే ఇది.”

ఆ టేపు వైపు చూస్తూ ఉండిపోయాను.

“సార్, ఇంతకుముందు ఎందుకు తగ్గేవి?”

“నాసిరకం గుడ్డ.”

“ఇప్పుడూ అదే గుడ్డ. అదే కంపెనీ, అదే తాను.” పిన్ని వైపు తిరిగాను. “పిన్నీ, ఉతికాక వేడి మిషన్‌లో పెట్టాలి కదా. పదిహేను నిమిషాలు.”

ఆవిడ నేల చూసింది.

“పెడుతున్నావా?”

“పెడితే మూడు సెంటీమీటర్లు పోతోంది తల్లీ,” అంది, వినీవినపడనట్టు. “మెమో వచ్చాక నలుగురి లెక్కలు కొట్టేశారు. కొండ మీద ఆ అబ్బాయి వారం రోజుల కష్టం కూడా. గుడ్డ పొట్టిదని. అందరూ నా మీద పడ్డారు. మంచి సబ్బుతో రెండుసార్లు ఉతుకుతున్నానుగా, ఇంకేముంటుందిలే అనుకున్నా. నీడలో ఆరేస్తే కొలత పోదు.”



పిడుదు నీళ్లకి చావదు. సబ్బుకీ చావదు. చన్నీళ్లలో ఎన్నిసార్లు జాడించినా మడతలో గొలుసుని పట్టుకుని కూర్చుంటుంది. పొడివేడి తగిలితేనే చస్తుంది. ఇది మా ఆఫీసులో అందరికీ పాఠంలా చెప్పేదే. కానీ గుడ్డ ఉతికే చేతులకి శుభ్రం అంటే తెల్లగా ఉండటమే. కొలిచే కళ్లకి శుభ్రం అంటే వంద సెంటీమీటర్లు.

“కత్తెర ఇవ్వు బాబాయ్.”

“ఆఫీసు గుడ్డ కొయ్యడానికి నీకు పర్మిషన్...” అన్నాడు స్కేలు సారు.

కోసేశాను. కుట్టు విప్పి అంచు మడత తెరిచాను. లోపల గొలుసు పక్కన నల్లటి నలుసులు, గసగసాలంత. మూడో, నాలుగో. మట్టిలా ఉన్నాయి.

“మట్టి,” అన్నాడాయన, ఊపిరి పీల్చుకుని.

వంగి, నోరు తెరిచి, వాటి మీద మెల్లగా ఊపిరి వదిలాను. ఇదీ అతను నేర్పిందే. అద్దం మీద ఆవిరి పట్టించినట్టు వదలాలి, ఊదకూడదు. ఏదో ప్రాణి దగ్గరికొచ్చిందని దానికి తెలియాలి.

రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఒక నలుసు లేచి ముందుకాళ్లు చాపింది. ఇంకోటి నా వేలి వైపు నడక మొదలెట్టింది.

దర్జీ బాబాయ్ గోడకి ఆనుకుపోయాడు. పిన్ని నోట్లో కొంగు కుక్కుకుంది. నేను నాలుగింటినీ నా సంచీలోని జిగురు టేపుకి అతికించి సీసాలో వేసి మూత బిగించాను. మూటని ప్లాస్టిక్ సంచీలో దూర్చి మూతి కట్టేశాను. స్కేలు సారు వంద దగ్గర వేలు పెట్టి ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

“కొలత సరిగ్గా ఉండాలన్నాను,” అన్నాడు. “వేడి మానేయమనలేదు.”

“అనలేదు సార్. రెండూ ఒకేసారి కుదరవని మీకెవరూ చెప్పలేదు. మీరెవరినీ అడగలేదు.”

ఆయన ముఖంలోకి రక్తం ఎక్కింది. “నీ యాప్‌లో ఉంటుందిగా, ‘వేడి పెట్టారా’ అని. నాలుగు నెలలూ అవును, అవును అనే ఉంది. నేను రోజూ చూశాను. ఆ అవును ఎవరు నొక్కారు?”

పిన్ని తలెత్తింది. “నేను నొక్కలేదు బాబూ. అది ముందే నొక్కి ఉంటుంది.”

నిజం. ఫారం త్వరగా పూర్తవ్వాలని ఆ టిక్కు నేనే ముందుగా పెట్టి ఉంచాను. ఎవరైనా పెట్టకపోతే తీసేస్తారులే అనుకున్నాను. ఇంతవరకు ఎవరూ దేన్నీ తీసెయ్యలేదు, ఏ ఫారంలోనూ.

“అది నా తప్పు సార్,” అన్నాను. “రాసుకోండి. రిపోర్టులో ముగ్గురం ఉంటాం.”

ఆయన జేబులోంచి పిన్నిని తీసేసే కాగితం బయటికొచ్చింది. చింపుతాడేమో అనుకున్నాను. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి మళ్లీ లోపలే పెట్టుకున్నాడు. “ముందు ఈ మూట మీద కూర్చున్నవాళ్లు ఎవరో చూడు,” అన్నాడు. అది మాత్రం ఆర్డరులా కాకుండా, మనిషిలా అన్నాడు.

పదకొండూ పది. కొలతల పుస్తకం తెరిచాం. బాబాయ్ వేలు పెట్టి చదువుతున్నాడు. శుక్రవారాలు మాత్రమే. లైన్‌మ్యాన్ తాత, పాంటు వదులు చెయ్యడానికి. గుమాస్తా, చొక్కా. నర్సు, యూనిఫాం. అక్కాచెల్లెళ్లు, స్కూలు గౌన్లు. ఐదుగురూ ఉన్నారు. తేదీలు నా కాగితంతో అతికినట్టు సరిపోయాయి.

“ఇంకా?”

“మొన్న శుక్రవారం వాన. ఎవరూ రాలేదు. ఆ ముందు శుక్రవారం ఇద్దరు. ఒకావిడ నిలబడే కొలతలిచ్చి వెళ్లింది.”

“కూర్చోలేదా? ఖాయమా?”

“తొందరలో ఉందమ్మా. నిలబడే తిట్టింది కూడా.”

“రెండో మనిషి?”

బాబాయ్ పేజీ తిప్పి, వెనక్కి తిప్పి, తల గోక్కున్నాడు. “అతను పుస్తకంలో లేడు. పనేమీ ఇవ్వలేదుగా. చొక్కా గుండీ ఊడిందన్నాడు. కుట్టిచ్చాను. రెండు నిమిషాల పని. అయినా వెళ్లలేదు. ఇంకాసేపు కూర్చోవచ్చా అన్నాడు. మీ ఆఫీసబ్బాయేనమ్మా. కొండ మీద ఉంటాడే, ఆ అబ్బాయి.”

నా చేతిలో పెన్ను ఉంది. అది రాయడం మర్చిపోయింది.

“ఎంతసేపు?” అని స్కేలు సారే అడిగాడు. 

“గంట పైనే సార్. నాలుగూ పావుకొచ్చాడు. ఈ మూట మీద కూర్చుని, గేటు వైపే చూస్తూ. ఎవరి కోసం బాబూ అన్నా. ఎవరూ లేదు, బస్సుకి ఇంకా టైముంది అన్నాడు. ఐదున్నరకి మీరు బయటికొచ్చారమ్మా. అప్పుడు లేచి గుమ్మం దాకా వెళ్లాడు. పిలుస్తాడేమో అనుకున్నా. మీరు ఫోన్ చూసుకుంటూ ఇలా ముందునుంచే వెళ్లిపోయారు. అతను మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి బస్సెక్కాడు.”

ఆ శుక్రవారం నాకు గుర్తుంది. ఐదున్నరకి కొండ మీంచి లెక్క రాలేదు. రాలేదే అని ఆ ఒక్క వరుస కోసం స్క్రీన్‌ని కిందికి లాగుతూ, వదులుతూ, లాగుతూ నడిచాను. రోడ్డు దాటింది కూడా తెలియలేదు. అతను రాసే అరవై అక్షరాల కోసం వెతుకుతూ, అతని ముందునుంచి పదడుగుల దూరంలో నడిచి వెళ్లిపోయాను.

“కొండ మీద అతనికి ఏం కాదు తల్లీ,” అంటోంది పిన్ని, నా భుజం పట్టుకుని. “పాంటు మేజోళ్లలో దోపుకుని, పిడుదుల మందు ఒంటికి పూసుకుని తిరుగుతాడు. నాకు తెలుసు.”

“అది కొండ మీద పిన్నీ. ఇక్కడికి ఏం వేసుకుని వచ్చాడు?”

జవాబు బాబాయ్ చెప్పాడు. “మామూలుగానే. చెప్పులు, సగం చేతుల చొక్కా.”

పది రోజుల క్రితం శుక్రవారం. ఎనిమిది కలిపితే శనివారం. శని, ఆదివారాలు లెక్కలు పంపే రోజులు కావు, అందుకే ఖాళీగా ఉన్నా నేను కంగారు పడలేదు. ఇవాళ సోమవారం. మూడో రోజు.

స్కేలు సారు అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. కంట్రోల్ రూముకి, అక్కణ్ణుంచి కొండ కింద చెక్‌పోస్టు వైర్‌లెస్‌కి. స్పీకర్ పెట్టాడు. గరగర మధ్య ఒక ముసలి గొంతు.

“ఆ అబ్బాయా సార్? శనివారం పొద్దుట్నుంచి గుడారంలోనే పడుకున్నాడు. ఎండదెబ్బ తగిలిందట. ఒళ్లు కాలిపోతోంది. నీళ్లు పట్టుకెళ్లా, తాగలేదు. కిందికి దించుదామంటే నడవలేనన్నాడు. పొద్దున్న వెళ్లినప్పుడు నన్ను గుర్తుపట్టలేదు సార్.”

“మాత్రలున్నాయా అక్కడ?”

“జ్వరం బిళ్లలే సార్.”

“ఇంకెక్కడా ఎవరూ లేరా? డాక్టరు, నర్సు?”

“నేనూ, నా రేడియో సార్.”

పదకొండూ ముప్పై ఐదు. ఆరు గంటల దారి. ఆయన జీపు తాళాలు తీసి నా చేతిలో పెట్టబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. “నేను నడుపుతాను,” అన్నాడు. పిన్ని అప్పటికే గేటు వైపు పరిగెడుతోంది, స్టోర్ రూములో మాత్రల కోసం. నడుం నొప్పి మనిషి అంత జోరుగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

ఇదంతా జీపు వెనక సీట్లో కూర్చుని ఫోన్‌లో రాస్తున్నాను. పిన్ని మాత్రల పెట్టెని ఒళ్లో పసిబిడ్డలా పట్టుకుని కూర్చుంది. ముందు సీట్లో ఆయన ఒక్కమాట మాట్లాడటం లేదు, కిలోమీటర్ రాళ్లు వచ్చినప్పుడు అంకె పైకి చదవడం తప్ప. ఆగమని చెబుదామనుకున్నాను. తర్వాత నేనూ ఆ అంకెల కోసమే చూస్తున్నానని తెలిసి ఊరుకున్నాను. నూట నలభై రెండు. నూట నలభై ఒకటి.

ఇంకో గంట సిగ్నల్ ఉంటుంది. ఈ గంట ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. మీకోసం ఎవరైనా అంతదూరం వచ్చి, పిలవకుండా వెళ్లిపోయారా? లేదా మీరే వెళ్లి, గుమ్మం దాకా లేచి, మళ్లీ కూర్చున్నారా? ఎందుకు పిలవలేదు? తర్వాత ఏమైంది? కింద రాయండి, పేర్లు అక్కర్లేదు. ఒక్క మాట మాత్రం వినండి. బాగా ముగిసినవి ముందు పంపండి. మిగతావి చదివే ధైర్యం సాయంత్రం ఐదూ ముప్పై ఐదు దాకా నాకు లేదు.